పాత డెస్క్‌టాప్ పారేయమన్నారా? చేతిలో ఉన్న నాలుగు వేలు ఎక్కడ పెట్టాలో చెప్తాను

మీరు రాసింది పూర్తిగా చదివాను. ఉండేది ఉప్పల్. 2013లో కొన్న డెస్క్‌టాప్, ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. బటన్ నొక్కాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. పాప ఇంటర్ ఎంపీసీ, యూట్యూబ్‌లో క్లాసులు వింటుంది. మీ ఆవిడ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లతో ఇంట్లోనే టైపింగ్ జాబ్‌వర్క్ చేస్తారు. బడ్జెట్ నాలుగు వేలు. దగ్గర్లో ఉన్న షాపులో చూపిస్తే "దీని పని అయిపోయింది, పారేసి కొత్తది తీసుకోండి" అన్నారు.

పారేయాల్సిన పని లేదండీ. చాలా ఏళ్లుగా ఈ రిపేరు పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్రాసెసర్ వల్ల కాదు, హార్డ్ డిస్క్ వల్లే మొరాయిస్తుంటాయి. మూడో తరం ఐ3 టైపింగ్‌కి, పాఠాలు వినడానికి, పీడీఎఫ్‌లు చూసుకోవడానికి ఈ రోజుకీ చక్కగా సరిపోతుంది. కొత్తది కొనమని చెప్పడం తేలికే. కానీ ఆ డబ్బు పాప ఫీజుకి పనికొస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఒక్క షరతు మాత్రం పెడతాను. మీ మెషీన్ దేని కోసం ఆగుతోందో మీ కళ్లతో మీరు చూసేదాకా ఒక్క రూపాయి కూడా బయటికి తీయొద్దు.

చూడటం కష్టమేమీ కాదు. కంప్యూటర్ ఆన్ చేసి, డెస్క్‌టాప్ కనపడగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న బాక్సులా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కి, 'పెర్ఫార్మెన్స్' ట్యాబులోకి వెళ్లండి. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అని మూడు గ్రాఫులుంటాయి. మీరు ఏమీ ముట్టుకోకుండా ఒక పది నిమిషాలు వాటినే గమనించండి. నా అంచనా నిజమైతే సీపీయూ ఇరవై, ముప్పై శాతం దగ్గర తిరుగుతుంటుంది. డిస్క్ మాత్రం 100 శాతానికి అతుక్కుపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ డిస్క్ మీద క్లిక్ చేసి కింద 'రీడ్ స్పీడ్' చూడండి. సెకనుకు 1 ఎంబీయో, 2 ఎంబీయో ఉంటుంది. నూటికి నూరు శాతం పని చేస్తూ సెకనుకు 1 ఎంబీ మాత్రమే తెస్తోందన్నమాట. అసలు జబ్బు అక్కడుంది.

ఎందుకలా అంటే, ఆ హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. దానికంటే ముందు ఆ హెడ్ సరైన వరస మీదికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. మొత్తం 13 మిల్లీసెకన్లు వేసుకుంటే, సెకనుకు డెబ్బై, ఎనభై ముక్కలకు మించి తేలేదు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకోండి, సెకనుకు 300 కేబీ. పెద్ద సినిమా ఫైలు ఒకటి వరసగా చదవమంటే ఇదే డిస్క్ సెకనుకు వంద ఎంబీ ఇస్తుంది, ఎందుకంటే అక్కడ హెడ్ అటూ ఇటూ జరగక్కర్లేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవన్నీ వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు, ఒక్కోటి ఒక్కో మూల. కిరాణా కొట్టులో వంద సరుకుల చీటీ ఇస్తే, కుర్రాడు ఒక్కో సరుక్కీ ఒక్కోసారి పై అంతస్తు గోడౌన్‌కి ఎక్కి దిగినట్టుంటుంది వ్యవహారం. హార్డ్ డిస్క్ బదులు వాడే, సమాచారాన్ని చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ ఉండదు. అదే ముక్క మిల్లీసెకనులో పదో వంతు సమయంలో దొరుకుతుంది. ప్రాసెసర్ మార్చకుండా, బోర్డు మార్చకుండా ఇదొక్కటి మారిస్తే కంప్యూటర్ కొత్తగా అనిపించేది ఇందుకే.

కొనే ముందు రెండు పనులున్నాయి, రెండూ ఖర్చు లేనివే.

మొదటిది, ఆ హార్డ్ డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది, దాని సొంత సైట్ నుంచే దించుకోండి. తెరవగానే నీలం రంగులో 'గుడ్' అనో, పసుపు రంగులో 'కాషన్' అనో చూపిస్తుంది. కింద పట్టికలో 'రీఎలొకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్స్' అనే వరసలు చూడండి. పెండింగ్ దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్క్‌లో కొన్ని చోట్లు చదవడానికి రావడం లేదని అర్థం. అలాంటి చోటు తగిలినప్పుడల్లా డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఈలోగా స్క్రీన్ బిగుసుకుపోతుంది. పసుపు కనిపిస్తే స్పీడు సంగతి పక్కన పెట్టి, పెళ్లి ఫొటోలు, పాప చిన్నప్పటి వీడియోలు, మీ ఆవిడ చేసిన జాబ్ ఫైళ్లు ముందు వేరే చోటికి కాపీ చేయండి. బయటి హార్డ్ డిస్క్ లేకపోతే చుట్టాల దగ్గర ఒక్క రోజుకి అడిగి తెచ్చుకోండి. డిస్క్ పాడైతే వెనక్కి రానివి ఇవే.

అదే పట్టికలో 'అల్ట్రాడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్' అని ఇంకో వరస ఉంటుంది. దీన్ని చాలామంది చూడరు. దీని అంకె రోజురోజుకీ పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, బోర్డుకీ డిస్క్‌కీ మధ్య ఉన్న సాటా కేబుల్‌ది కావచ్చు. నల్లకుంటలో ఒక టైపింగ్ సెంటర్ ఆయన ర్యామ్ వేయించారు, విండోస్ రెండుసార్లు మార్పించారు, మెషీన్ మాత్రం కదల్లేదు. నా దగ్గరికి తెచ్చినప్పుడు ఈ అంకె వేలల్లో ఉంది. మూత తీసి చూస్తే ఆ ఎర్ర కేబుల్ క్యాబినెట్ తలుపుకీ డీవీడీ డ్రైవ్‌కీ మధ్య నలిగి, మడత పడ్డ చోట తెల్లగా పగిలి ఉంది. కేబుల్ మార్చాక అదే మెషీన్, అదే డిస్క్ మామూలుగా పనిచేశాయి. కొత్త కేబుల్ వంద లోపు వస్తుంది. అందుకే ముందు చూడమంటున్నాను.

రెండో పని, స్టార్టప్‌లో పేరుకుపోయిన చెత్త. టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' ట్యాబు ఉంటుంది. టోరెంట్ ప్రోగ్రాం, టీమ్స్, వన్‌డ్రైవ్, ప్రింటర్ కంపెనీ ప్రకటనల ప్రోగ్రాం, ఏవేవో అప్‌డేటర్లు వరసగా ఉంటాయి. వాటి మీద రైట్ క్లిక్ చేసి 'డిసేబుల్' కొట్టండి. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, మీరు తెరిచినప్పుడు తెరుచుకుంటుంది, అంతే. ఆడియో డ్రైవర్లకు సంబంధించినవి, అను కీబోర్డు మేనేజర్ మాత్రం ఉంచండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు. గడువు తీరిన పాత యాంటీవైరస్ ఒకటి మూలన కూర్చుని ప్రతి ఫైలునీ తడుముతూ ఉండటం ఇళ్లలో చాలా మామూలుగా కనిపించే విషయం.

ఇంకో చిన్న సంగతి. విండోస్ 10లో 'షట్ డౌన్' కొడితే అది పూర్తిగా ఆగినట్టు కాదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల లోపలి స్థితి కొంత డిస్క్‌లో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబులో సీపీయూ కింద 'అప్ టైమ్' చూడండి, రోజూ ఆపుతున్నా పది పదిహేను రోజులు చూపించొచ్చు. వారానికోసారి 'రీస్టార్ట్' కొడితే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

ఇక ఎస్‌ఎస్‌డీ. మీ నాలుగు వేల్లో పెద్ద వాటా దీనికే. 240 లేదా 256 జీబీ చాలు. విండోస్, పేజ్‌మేకర్, బ్రౌజర్ దీంట్లో ఉంటాయి, ఫొటోలూ వీడియోలూ పాత హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి. షాపులో "ఎన్‌వీఎంఈ తీసుకోండి, ఇంకా స్పీడు" అనొచ్చు, అది బోర్డు మీదే గుచ్చే రకం ఎస్‌ఎస్‌డీ. మీ హెచ్61 బోర్డు మీద దానికి స్లాటే లేదు. పైగా ఆ బోర్డులో ఉన్నది సెకనుకు 3 గిగాబిట్ల సాటా. ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా సెకనుకు 270, 280 ఎంబీ దగ్గర ఆగుతుంది. డబ్బా మీద 550 అని రాసి ఉన్నదాన్ని చూసి ఎక్కువ పెట్టొద్దు. మీకు లాభం కలిగించేది ఆ పెద్ద అంకె కాదు, పైన చెప్పిన చిన్న ముక్కల వెతుకులాట తగ్గడం. అది మామూలు ఎస్‌ఎస్‌డీలోనూ వస్తుంది.

క్రూషియల్ బీఎక్స్500, కింగ్‌స్టన్ ఏ400, డబ్ల్యూడీ గ్రీన్, ఈ మూడింట్లో ఏది ఆ రోజు తక్కువకి దొరికితే అది తీసుకోండి. మూడిటికీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. పేరు వినని బ్రాండు సగం ధరకి వస్తోందని ఆన్‌లైన్‌లో తీసుకోవద్దు. ఉన్నదాని కంటే ఎక్కువ సైజు చూపించే నకిలీలు తిరుగుతున్నాయి, నిండేదాకా బాగానే ఉంటాయి, నిండాక ఫైళ్లు మాయమవుతాయి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ కూడా వద్దు. ఎంత అరిగిపోయిందో కొనే చోట చూసే వీలుండదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల రేట్లు బాగా పెరిగాయి, వారం వారం మారుతున్నాయి. అందుకే ఇక్కడ ధర రాయడం లేదు. బయల్దేరే ముందు ఆన్‌లైన్ రేటు చూసుకుని వెళ్లండి.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లండి, సీటీసీ అంటే ఎవరైనా చెప్తారు. మీకు ఉప్పల్ నుంచి మెట్రో బ్లూ లైన్ నేరుగా ఉంది, ప్యారడైజ్‌లో దిగితే నడిచి వెళ్లే దూరమే. ఆదివారం కాకుండా పనిరోజు వెళ్లండి. మొదటి షాపులోనే కొనేయకుండా నాలుగైదు చోట్ల అడగండి, ఒకే సరుకుకి తేడా కనిపిస్తుంది. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీ అవసరమైన రోజు ఆ నంబరే ఆధారం. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో కీబోర్డు, మౌస్ లాంటివి ఏరుకోవచ్చు గానీ, సమాచారం దాచుకునే వస్తువేదీ అక్కడ కొనొద్దని నా అభిప్రాయం.

బిగించడం మీరే చేసుకోవచ్చు. ప్లగ్ పీకండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, క్యాబినెట్ లోహాన్ని ఓసారి ముట్టుకోండి, అప్పుడు చెయ్యి పెట్టండి. ఒక సాటా కేబుల్ బోర్డుకి, ఒక పవర్ వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచి, అంటే క్యాబినెట్‌లో కరెంటు ఇచ్చే డబ్బా నుంచి. పవర్ వైరు ఖాళీ లేకపోతే ఎలాగూ వాడని డీవీడీ డ్రైవ్‌ది తీసి పెట్టండి. లోపల కదిలే భాగాలు లేవు కాబట్టి డబుల్ టేపుతో అంటించినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. విండోస్ కొత్తగా ఎక్కించాలా, ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలా? మామూలుగా అయితే కొత్తగా ఎక్కించమంటాను, ఏళ్ల తరబడి పేరుకున్నదంతా పోతుంది. కానీ మీ ఇంట్లో ఆ మెషీన్ మీద సంపాదన ఉంది. పేజ్‌మేకర్, అను సెటప్ ఫైళ్లు, వాటి కీ లేదా డాంగిల్ (లైసెన్సు కోసం యూఎస్‌బీలో పెట్టే చిన్న ముక్క) మీ దగ్గర భద్రంగా ఉన్నాయా? ముందు మీ ఆవిడని అడగండి. ఎవరో ఎప్పుడో ఎక్కించి ఇచ్చారు, సీడీ ఎక్కడుందో తెలియదు అంటే మాత్రం కొత్తగా ఎక్కించే సాహసం చేయొద్దు. మర్నాడు ఇవ్వాల్సిన కరపత్రమో పుస్తకమో ఉండి, ఫాంట్లు లేక చదరపు డబ్బాలు కనిపిస్తే ఆ టెన్షన్ ఎవరూ పడకూడదు. అలాంటప్పుడు కాపీయే మేలు. క్రూషియల్, డబ్ల్యూడీ కంపెనీలు తమ ఎస్‌ఎస్‌డీ కొన్నవాళ్లకు ఆక్రోనిస్ అనే క్లోనింగ్, అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసే ప్రోగ్రాం ఉచితంగా ఇస్తాయి. ముందు పెద్ద ఫైళ్లన్నీ బయటికి తీసి, కాపీ చేయాల్సిన మొత్తం ఎస్‌ఎస్‌డీ సైజులో మూడింట రెండొంతులు దాటకుండా చూసుకోండి. పాత డిస్క్‌లో చెడ్డ సెక్టార్లు ఉంటే క్లోనింగ్ మధ్యలో ఆగిపోతుంది, అది గుర్తుంచుకోండి.

కొత్తగా ఎక్కిస్తే మాత్రం రెండు జాగ్రత్తలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టండి. రెండూ ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లను ఒక్కోసారి పాత డిస్క్‌లో పెట్టి, మిగతాదంతా కొత్తదాంట్లో పెడుతుంది. రేపు పాత డిస్క్ తీసేసిన రోజు కంప్యూటర్ లేవదు. రెండోది, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, సాటా మోడ్ 'ఏహెచ్‌సీఐ' ఉండాలి. ఆ కాలపు బోర్డుల్లో 'ఐడీఈ' అని పెట్టి ఉంచేవారు. కొత్త ఇన్‌స్టలేషన్‌కి ముందు మార్చేస్తే సరి. కాపీ చేసిన విండోస్‌కి అయితే ముందు విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో 'సేఫ్ బూట్' టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేయాలి. ఈ వరస తప్పితే నీలం తెర వస్తుంది. వస్తే కంగారు పడొద్దు, బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెడితే లేస్తుంది. ఇదివరకే అసలైన విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే కొత్తగా కీ కొనక్కర్లేదు, లైసెన్సు ఆ బోర్డుకి ముడిపడి ఉంటుంది. యాక్టివేటర్ అని తెలియని ఫైలు నడిపి, దానికోసం డిఫెండర్ ఆపేసే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. అలా ఆపిన మెషీన్లలో వెనకాల ఎవరి కోసమో క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములు నేను చాలా చూశాను.

ఎస్‌ఎస్‌డీ పెట్టి ఒక వారం వాడండి. తరవాతే ర్యామ్ ఆలోచన. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద క్లిక్ చేస్తే 'కమిటెడ్' అని రెండు అంకెలుంటాయి. పేజ్‌మేకర్, క్రోమ్ అన్నీ తెరిచి పనిచేస్తున్నప్పుడు మొదటి అంకె 4 జీబీ బాగా దాటుతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. దాటుతుందనే అనుకుంటున్నాను. ఇంకో 4 జీబీ పెడితే సరిపోతుంది, 16 దాకా పోనక్కర్లేదు. హెచ్61లో స్లాట్లు రెండే. ఉన్నది ఒకే 4 జీబీ స్టిక్ అయితే పక్క స్లాట్‌లో ఇంకోటి. రెండు 2 జీబీ స్టిక్‌లు ఉంటే వాటిని తీసేసి రెండు 4 జీబీలు పెట్టాలి. ఒకే 8 జీబీ కంటే రెండు 4 జీబీలే మీకు మంచిది. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, బోర్డు ర్యామ్‌నే స్క్రీన్ కోసం వాడుకుంటుంది, రెండు స్టిక్‌లు ఉంటే రెండు దారుల్లో అందుతుంది.

ర్యామ్ మాత్రం సెకండ్ హ్యాండ్ ధైర్యంగా కొనండి. అరిగిపోయే వస్తువు కాదది. పాత స్టిక్ తీసి వెంట తీసుకెళ్లండి, డీడీఆర్3 అని స్టిక్కర్ మీద చూపించి అడగండి. ఇక్కడ ఒక మోసం జరుగుతుంటుంది. చాలా చవగ్గా వచ్చే కొత్త డీడీఆర్3 స్టిక్‌లు కొన్ని ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది. మీ ఇంటెల్ బోర్డులో పెడితే స్క్రీన్ కూడా రాదు. "ఇంటెల్ హెచ్61 మీద నడుస్తుందా, నడవకపోతే మారుస్తారా" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా తిరిగిచ్చేయండి. పాత స్టిక్ బంగారు రంగు కాళ్లను పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి, అది కూడా కొన్ని తలనొప్పులు తగ్గిస్తుంది. ఇంకోటి, 'సిస్టమ్' పేజీలో 64 బిట్ అని ఉందో లేదో చూసుకోండి. 32 బిట్ విండోస్ ఎక్కించి ఉంటే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడదు, అప్పుడు కొత్తగా ఎక్కించక తప్పదు.

పాప క్లాసుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీ పెట్టినా యూట్యూబ్ అదురుతూనే ఉండొచ్చు, అప్పుడు మీరు నన్ను తిట్టుకుంటారు. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9 అనే పద్ధతిలో పంపుతుంది. మీ మూడో తరం ఇంటెల్ చిప్‌లో దాన్ని విప్పే ఏర్పాటు లేదు. హెచ్264 అనే పాత పద్ధతికి మాత్రం ఉంది. అందుకని వీపీ9 వచ్చినప్పుడు మొత్తం భారం ప్రాసెసర్ మీద పడి, 1080 వీడియోకే సీపీయూ ఎక్కడికో వెళ్తుంది. హెచ్264ఐఫై అనే చిన్న ఉచిత ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టండి. యూట్యూబ్ హెచ్264 పంపేలా చేస్తుంది. పెట్టకముందు, పెట్టాక సీపీయూ గ్రాఫు చూస్తే తేడా మీకే తెలుస్తుంది. క్లాసులో బ్లాక్‌బోర్డు మీద లెక్కలు కనిపించడానికి 720 చాలు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ కూడా పెడితే ప్రకటనల బరువు తగ్గుతుంది.

వేడి సంగతి త్వరగా చెప్పేస్తాను. మన ఊళ్లో మే నెలలో గదిలోనే ఎంత వేడుంటుందో తెలిసిందే, దానికి తోడు రోడ్డు దుమ్ము. ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం నెమ్మదించి, రాత్రికి బాగుంటే అనుమానించాల్సింది ఇదే. మెషీన్ బాల్కనీలోకి తీసుకెళ్లి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో కూలర్ రెక్కల మధ్య దుమ్ము తీయండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్‌ని వేలితో పట్టుకుని ఊదండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. పన్నెండేళ్లు దాటింది కాబట్టి థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. పాతది తుడిచేసి కందిగింజంత పెట్టి కూలర్ బిగిస్తే చాలు. ఆ కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పాతబడి విరుగుతాయి, చేతి మీద నమ్మకం లేకపోతే ఈ ఒక్క పని షాపులో చేయించండి.

గడియారం రోజూ తప్పు చూపిస్తుంటే బోర్డు మీద ఉండే సీఆర్2032 సెల్ మార్చండి, యాభై లోపు పని.

డబ్బు పెట్టకూడనివి కూడా చెప్తాను. రిజిస్ట్రీ క్లీనర్లు, 'పీసీ బూస్టర్'లు కొనొద్దు, వాటి వల్ల స్పీడు రావడం నేనెప్పుడూ చూడలేదు, విండోస్ పాడవడం చూశాను. పెన్ డ్రైవ్‌ని ర్యామ్‌లా వాడే రెడీబూస్ట్ ఎస్‌ఎస్‌డీ ముందు దేనికీ కొరగాదు. ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కల్ని వరసగా సర్దే పని) చేయించొద్దు, దానికి కావాల్సిన ట్రిమ్, అంటే చెరిపేసిన చోటును ఖాళీ చేసే పని విండోసే చూసుకుంటుంది. ఐ3 తీసి అదే బోర్డులో ఐ5 పెట్టుకోవచ్చని ఎవరైనా అంటే, నిజమే, పెట్టొచ్చు. కానీ మీ పనికి అది చివర్లో ఆలోచించాల్సిన ఖర్చు. విజువల్ ఎఫెక్ట్స్ ఆపుకుంటే కాస్త తేలికవుతుంది గానీ, 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' టిక్ మాత్రం ఉంచండి. అది తీస్తే తెలుగు ఒత్తులు, గుడులు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తాయి, రోజంతా టైపు చేసే మనిషి కళ్లకి అది మంచిది కాదు.

చివరిగా విండోస్ 10. దీనికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు పెట్టారు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేకుండా చేరవచ్చు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. అడ్డదారిలో ఎక్కించొచ్చు, కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, సంపాదన ఉన్న మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దు. తరవాతి రోజులకి నేను చెప్పేది, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈని ఇప్పుడే పెన్ డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. పాప క్లాసులు, పీడీఎఫ్‌లు, యూనికోడ్ తెలుగు టైపింగ్ దాంట్లో బాగా నడుస్తాయి. పేజ్‌మేకర్, అను మాత్రం విండోస్ ప్రోగ్రాములు, వాటి కోసం విండోస్ ఉంచుకోవాల్సిందే. పొడిగింపు అయిపోయాక విండోస్‌ని టైపింగ్‌కి మాత్రమే, నెట్ తీసేసి వాడుకుని, నెట్ పనులన్నీ మింట్‌లో చేసుకోవడం మీ ఇంటికి సరిపడే ఏర్పాటని నా అభిప్రాయం. బ్యాంకు పనులు అప్పటిదాకా ఫోన్‌లోనే కానివ్వండి.

మీరు రాసిన దాంట్లో రెండు విషయాలు లేవు. ర్యామ్ ఒక స్టిక్కా రెండా అన్నది, అను సెటప్ మీ దగ్గర ఉందా లేదా అన్నది. ఆన్ చేసిన ఐదు నిమిషాలకి టాస్క్ మేనేజర్ డిస్క్ పేజీ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పేజీ, ర్యామ్ స్టిక్కర్, ఈ మూడు ఫొటోలు పెట్టండి. డిస్క్ సీరియల్ నంబర్ కనిపించకుండా చూసుకోండి. అవి చూసి, షాపులో ఏమని అడగాలో, కాపీ చేయాలో కొత్తగా ఎక్కించాలో ఖాయంగా చెప్తాను. పసుపు రంగు 'కాషన్' కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకండి, ఫైళ్లు కాపీ చేయడం వెంటనే మొదలుపెట్టండి.